ఒకే హ్యాండ్‌లో మూడు తగాదాలు: ఇంటి పోకర్ టేబుల్ కేస్ స్టడీ

ఇంట్లో ఆడుకునే పోకర్‌లో గొడవ వచ్చిందంటే ఎవరో మోసం చేశారని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు ఇద్దరూ నిజాయితీగానే వాదిస్తుంటారు. కాకపోతే ఒకరు రమ్మీ రూలు, ఇంకొకరు మూడు ముక్కలాట రూలు, మరొకరు ఎప్పుడో కసీనోలో చూసిన రూలు పట్టుకుని కూర్చుంటారు. ఈ కేసులో ఆ మూడూ ఒకే హ్యాండ్‌లో, అంటే ఒకసారి పంచిన ఆటలోనే, ఎదురయ్యాయి. అందుకే దీన్ని మొదటి నుంచి చివరిదాకా విడదీసి చూడాలి.

టేబుల్

డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెలుగువాళ్లు శనివారం రాత్రిళ్లు ఆడుకునే ఆట. ఎనిమిది మంది, నో లిమిట్ (ఎంతైనా పందెం పెట్టగల) టెక్సస్ హోల్డెమ్: ఒక్కొక్కరికి రెండు మూసిన ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు. 20 డాలర్లకు 200 విలువ చేసే చిప్స్. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సినవి, 1, 2. తెల్ల చిప్ 1, ఎర్రది 5, పచ్చది 25, నల్లది 100. కూర్చున్న ప్రతి ఒక్కరికీ 15 తెల్లవి, 17 ఎర్రవి, 4 పచ్చవి. ఎనిమిది మందికి కలిపి 288 చిప్స్ అవుతాయి, 500 చిప్స్ పెట్టెలో మిగతావి రెండోసారి కొనేవాళ్ల కోసం ఉంటాయి. రెండోసారి కొన్నవాళ్లకు ఒక నల్లది, నాలుగు పచ్చవి. ఈ నల్ల చిప్పే తర్వాత ఒక తగాదాకు మూలమైంది.

విడిగా డీలర్ లేడు. బటన్, అంటే పంచేవాళ్ల గుర్తు, ఎవరి దగ్గరుంటే వాళ్లే పంచుతారు, అంటే ఆడే మనిషే పేక పట్టుకుని ఉంటాడు. ఇంటి ఆటల్లో సగం తప్పులు ఇక్కడే పుడతాయి. తన ముక్కల మీద, ఎదుటివాడి చిప్స్ మీద, పేక మీద ఒకేసారి ధ్యాస పెట్టడం ఎవరివల్లా కాదు.

ఇంకో సంగతి. ఇంటివాళ్లు పాట్‌లోంచి (మధ్యలో పోగైన పందేల్లోంచి) ఒక్క చిప్ కూడా తీసుకోరు. బిర్యానీ ఖర్చు విడిగా పంచుకుంటారు. టెక్సస్ పీనల్ కోడ్ 47.02 సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్థలంలో ఆడుతూ, గెలుచుకున్నది తప్ప ఎవరికీ వేరే లాభం లేకుండా, గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉంటేనే చట్టపరమైన రక్షణ ఉంటుంది. 'పాట్‌కు రెండు చిప్స్ కూల్‌డ్రింక్స్‌కి' అని మొదలుపెడితే ఆ రక్షణ చేజారుతుంది. ఇదే ఆట సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడదామంటే అసలు కుదరదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ డబ్బాటల్ని నిషేధంలోకి తెచ్చాయి.

హ్యాండ్ జరిగిన తీరు

బటన్ ఎనిమిదో సీటు దగ్గర ఉంది, కాబట్టి పంచేదీ ఆయనే. ఒకటో సీటు చిన్న బ్లైండ్, రెండో సీటు పెద్ద బ్లైండ్. నాలుగో సీటు 8కి రైజ్ చేశాడు (పెంచాడు). ఆరు, ఎనిమిది, రెండు కాల్ చేశారు (అంతే పెట్టి కొనసాగారు). మూడు, ఐదు, ఏడు సీట్లు, చిన్న బ్లైండ్ ఫోల్డ్ (ముక్కలు వదిలేశారు). పాట్‌లో నాలుగు ఎనిమిదులు 32, వదిలేసిన చిన్న బ్లైండ్ 1, మొత్తం 33.

ఫ్లాప్ (మొదటి మూడు ఉమ్మడి ముక్కలు): ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమండ్ నాలుగు.

రెండో సీటు చెక్ (ఏమీ పెట్టకుండా వంతు వదిలాడు). నాలుగో సీటు నాలుగు ఎర్ర చిప్స్ పెట్టి 20 బెట్ చేశాడు. ఆరో సీటు దగ్గర మిగిలింది 34 మాత్రమే, ఆల్ ఇన్ (ఉన్నదంతా పెడుతున్నా) అన్నాడు. ఎనిమిదో సీటు 34 కాల్. రెండో సీటు ఫోల్డ్. మళ్లీ నాలుగో సీటు వంతు. 'ఆల్ ఇన్' అంటూ తన ముందున్న దొంతరలు రెండు చేతులా ముందుకు తోశాడు. ఆయన దగ్గర ఇంకా 172 ఉన్నాయి.

ఒకటో సీటు వెంటనే "అన్నా, అది కుదరదు, నువ్వు కాల్ చేయాలి, లేదంటే ఫోల్డ్" అన్నాడు. నాలుగో సీటు "ఎందుకు కుదరదు? సగం దాటింది కదా" అన్నాడు. పక్క గదిలో టీవీ మోగుతోంది. పేక పట్టుకున్న ఎనిమిదో సీటుకు మాట వినపడలేదు. చిప్స్ కదిలాయి కాబట్టి కాల్ అయిందనుకుని ఒక ముక్క బర్న్ చేసి (బోర్లా పక్కన పెట్టి) టర్న్, అంటే నాలుగో ఉమ్మడి ముక్క, తిప్పేశాడు. ఇస్పేటు రెండు. బోర్డు మీద మూడు ఇస్పేట్లు.

అక్కడితో అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలైంది.

మొదట చేయాల్సింది

తీర్పు చెప్పే మనిషి ముందుగానే నిర్ణయమై ఉండాలి. ఈ టేబుల్‌లో ప్రతి రాత్రికీ ఇద్దరిని అనుకుంటారు. మొదటి మనిషి హ్యాండ్‌లో ఉంటే రెండో మనిషి చెప్పాలి. ఇద్దరూ హ్యాండ్‌లో ఉంటే ముందే ఫోల్డ్ చేసినవాళ్లలో బటన్‌కు ఎడమవైపు దగ్గరగా ఉన్నవాళ్లు. వయసులో పెద్దాయన కదా, ఇల్లు ఆయనదే కదా అని అప్పటికప్పుడు ఒకరిని కూర్చోబెడితే ఆ తీర్పు నిలవదు. బావమరిది హ్యాండ్‌లో ఉన్నప్పుడు బావ చెప్పిన తీర్పు సరైనదైనా ఎవరూ నమ్మరు.

ఈసారి వంతు ఐదో సీటుది. ఆయన మొదటి మాట: "ఎవరూ చిప్స్ ముట్టుకోవద్దు, ముక్కలు ముట్టుకోవద్దు, బర్న్ ముక్క ఎక్కడిదక్కడే." ఇది నూటికి నూరు పాళ్లు సరైన మొదటి అడుగు. నాలుగో సీటు తన దొంతరలు వెనక్కి లాక్కుంటే, ఎనిమిదో సీటు టర్న్ ముక్క పేకలో కలిపేస్తే, ఆ తర్వాత ఏ రూలూ పనికిరాదు. జరిగింది తిరిగి కూర్చడానికి ఆధారమే ఉండదు.

రెండో అడుగు, ఏది ముందు జరిగిందో తేల్చడం. హ్యాండ్‌లో ఉన్నవాళ్లను చివర అడగాలి. ముందుగా ఫోల్డ్ చేసినవాళ్లను, అందులోనూ టేబుల్ మీద గెలుపోటములతో సంబంధం లేనివాళ్లను అడగాలి. అడిగే ప్రశ్న 'ఏం జరిగింది?' అని ఉండకూడదు, అలా అడిగితే కథ వస్తుంది. 'మాట ముందా, ముక్క ముందా?' అని అడగాలి. మూడు, ఏడు సీట్లు ఇద్దరూ ఒకే మాట చెప్పారు: ఆల్ ఇన్ అన్న మాట, ఆ వెంటనే చిప్స్, ఆ తర్వాత ముక్క.

తీర్పు మొత్తం ఈ వరుస మీదే ఆధారపడింది.

మొదటి తగాదా: సగం దాటిన ఆల్ ఇన్

నో లిమిట్‌లో రైజ్ అంటే అంతకుముందు బెట్ లేదా రైజ్ ఎంతో కనీసం అంత పెంచాలి. 20 బెట్ మీద పూర్తి రైజ్ అంటే 40. ఆరో సీటు దగ్గర 34 మాత్రమే ఉన్నాయి, పెంచింది 14. తన దగ్గర ఉన్నదంతా పెట్టడానికి ఆయనకు హక్కుంది. అది చెల్లుతుంది, కానీ పూర్తి రైజ్ కాదు. ఈ రౌండ్‌లో అప్పటికే ఆడేసిన నాలుగో సీటుకు తిరిగి వంతు వచ్చినప్పుడు ఎదురైనది 14 మాత్రమే. అది 20 కన్నా తక్కువ, కాబట్టి ఆయనకు రైజ్ చేసే హక్కు మళ్లీ రాదు. కాల్ లేదా ఫోల్డ్. టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్, అంటే టీడీఏ రూల్సూ ఇంతే చెప్తాయి, కార్డ్ రూముల్లో ఎక్కువగా వాడే రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్‌లోనూ ఇంతే.

మరి 'సగం' ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రూలు ఉంది. లిమిట్ ఆటల్లో, అంటే బెట్ మొత్తం ముందే నిర్ణయించిన ఆటల్లో, సగం లేదా అంతకు మించి పెంచిన ఆల్ ఇన్ వస్తే రైజ్ హక్కు తిరిగి వస్తుంది. 14 అంటే 20లో 70 శాతం, లిమిట్ ఆట అయితే నాలుగో సీటు వాదనే గెలిచేది. నో లిమిట్‌లోనూ ఒక సగం రూలు ఉంది, కానీ అది వేరే చోట. నోరు విప్పకుండా కొన్ని చిప్స్ పెట్టి, అది కనీస రైజ్‌లో సగం గానీ అంతకు మించి గానీ అయితే, ఆ మనిషి పూర్తి రైజ్ చేయక తప్పదు. ఆల్ ఇన్ అయిన మనిషికి అది వర్తించదు, ఇక పెట్టడానికి ఆయన దగ్గర ఏమీ లేదు కదా. ఈ రెండు సగాలూ కలగాపులగం అయినప్పుడే ఇలాంటి తగాదాలు వస్తాయి. ఫోన్ యాప్‌లో నేర్చుకున్నవాళ్లకైతే ఈ రూలు ఉందనే తెలియదు. అక్కడ హక్కు లేనప్పుడు రైజ్ బటనే కనిపించదు, ఎందుకు కనిపించడం లేదో ఎవరూ చెప్పరు.

ఇక్కడే ఇంకో మూడు చిక్కులు విడిగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చూడటానికి ఇలాగే ఉండి తీర్పు మారిపోయేవి ఇవే. ఎనిమిదో సీటు 34కి కాల్ చేశాడు. ఆయన అంతకుముందు ఈ రౌండ్‌లో ఆడలేదు కాబట్టి రైజ్ చేసి ఉండొచ్చు. కనీస రైజ్ 34 మీద 20, అంటే మొత్తం 54. చెక్ చేసిన రెండో సీటుకు కూడా రైజ్ హక్కు ఉంది, ఎందుకంటే ఆయన చెక్ తర్వాత 20 పూర్తి బెట్ వచ్చింది. మూడోది: ఎనిమిదో సీటు దగ్గర సరిగ్గా 48 ఉండి ఆల్ ఇన్ అయి ఉంటే? 34 నుంచి 48 మళ్లీ 14 పెంపే, విడిగా చూస్తే అదీ పూర్తి రైజ్ కాదు. కానీ నాలుగో సీటుకు ఎదురయ్యే మొత్తం 28, అది 20 దాటింది. అప్పుడు ఆయన ఆల్ ఇన్ చెల్లుతుంది. విడివిడి పెంపుల్ని కాదు, వంతు తిరిగి వచ్చినప్పుడు ఆ మనిషి ముందున్న మొత్తం తేడాను లెక్కించాలి.

తీర్పు: ఆల్ ఇన్ చెల్లదు. కానీ వంతు వచ్చినప్పుడు నోటితో అన్న మాటకు కట్టుబడాలి. ముందుకు తోసే మాట అన్నాక వెనక్కి వెళ్లి ఫోల్డ్ చేయడం కుదరదు, కనీసం కాల్. ఇంకో 14 పెట్టి, మిగతా 158 వెనక్కి తీసుకోవాలి.

ఇప్పుడు టర్న్ ముక్క సంగతి తేలిపోయింది. మాట ముందు వచ్చింది, ఆ మాట కాల్‌గా లెక్క, కాబట్టి ముక్క తిరిగేసరికి రౌండ్ ముగిసింది. ఇస్పేటు రెండు నిలుస్తుంది. ఎనిమిదో సీటు వినకుండా తిప్పడం తప్పే, అయినా ఫలితం మారదు.

ముక్క ముందు వచ్చి ఉంటే? అప్పుడు నాలుగో సీటు ఇంకా కాల్ గానీ ఫోల్డ్ గానీ ఎంచుకోలేదు, కాబట్టి టర్న్ తొందరపడి తిప్పినదే. ఆ ఇస్పేటు రెండును ముఖం పైకే ఉంచి పక్కన పెట్టాలి. నాలుగో సీటు తన వంతు పూర్తి చేయాలి. ఆ తర్వాత ఒక ముక్క బర్న్ చేసి, తర్వాతి ముక్కను, అంటే మామూలుగా రివర్ (ఐదో, చివరి ఉమ్మడి ముక్క) అయి ఉండాల్సిన ముక్కను, టర్న్‌గా తిప్పాలి. టర్న్ బెట్టింగ్ ముగిశాక పక్కన పెట్టిన ఇస్పేటు రెండును మిగిలిన పేకలో కలిపి బాగా కలియబెట్టి, కట్ చేసి, మళ్లీ బర్న్ లేకుండా రివర్ తిప్పాలి. బర్న్ ముక్కల్ని, ఫోల్డ్ చేసినవాళ్ల ముక్కల్ని కలపకూడదు. 'అదే టర్న్‌గా ఉంచేద్దాం, పోనిద్దూ' అనే మాట ఎప్పుడూ ఆ ముక్క కలిసొచ్చినవాళ్ల నోటి నుంచే వస్తుంది. తొందరపడి తిప్పింది ఫ్లాప్ అయితే ఇంకోలా ఉంటుంది: ఆ మూడు ముక్కల్నీ పేకలో కలిపి, బర్న్ ముక్క మాత్రం బల్ల మీదే ఉంచి, కలియబెట్టి, మళ్లీ బర్న్ చేయకుండా కొత్త ఫ్లాప్.

రెండో తగాదా: నల్ల చిప్

ఇది అర నిమిషంలో తేలింది. మెయిన్ పాట్ 33కు మూడు 34లు కలిసి 135, ఆరో సీటుకు అందులో మాత్రమే వాటా. టర్న్ మీద నాలుగు, ఎనిమిది సీట్ల మధ్య సైడ్ పాట్ (ఆరో సీటుకు వాటా లేని విడి పాట్) మొదలైంది. నాలుగో సీటు 20 బెట్. ఎనిమిదో సీటు దగ్గర 112 ఉన్నాయి: ఒక నల్లది, రెండు ఎర్రవి, రెండు తెల్లవి. చిల్లర 12 మాత్రమే కాబట్టి ఏమీ అనకుండా నల్ల చిప్ పెట్టాడు. "వంద అయింది, రైజే" అన్నాడు నాలుగో సీటు. మూడు ముక్కలాటలో పాట్‌లో ఏది పడితే అది చాల్ (పందెం) అయిపోయే అలవాటు ఆయనది, వేసింది వేసినట్టే. పోకర్‌లో ఎదుట బెట్ ఉన్నప్పుడు, ఏమీ అనకుండా ఒకే ఒక పెద్ద చిప్ పెడితే అది కాల్. 80 వెనక్కి. ఎదుట బెట్ లేకుండా అదే చిప్ పెట్టి ఉంటే పూర్తి 100 బెట్ అయ్యేది. రైజ్ చేయాలనుకుంటే చిప్ బల్ల మీద పడకముందే నోటితో అనాలి. సైడ్ పాట్ 40.

మూడో తగాదా: 'రాంగ్ షో'

రివర్: కళావరు నాలుగు. నాలుగో సీటు చెక్, ఎనిమిదో సీటు చెక్.

రివర్‌లో బెట్ లేనప్పుడు బటన్‌కు ఎడమవైపు మొదట ఆడాల్సినవాళ్లు ముందు ముక్కలు చూపాలి. అంటే నాలుగో సీటు. ముందు సైడ్ పాట్ తేలాలి, ఆ తర్వాత మెయిన్ పాట్. జరిగింది వేరు. ఆరో సీటు ఉత్సాహం ఆపుకోలేక ముందే ఇస్పేటు రాణి, ఇస్పేటు జాకీ చూపించాడు, ఫ్లష్ (ఐదు ముక్కలూ ఇస్పేట్లే). నాలుగో సీటు కళావరు ఆసు, రాజులను బోర్లా తోసేశాడు. ఎనిమిదో సీటు "నావి మూడు తొమ్మిదులే" అంటూ ఆఠీన్ తొమ్మిది, డైమండ్ తొమ్మిది వెల్లకిలా పెట్టాడు. ఆరో సీటు పాట్ లాక్కోవడం మొదలుపెట్టాడు.

మూడో సీటు ఆపాడు: "ఆగు, బోర్డు మీద రెండు నాలుగులు ఉన్నాయి. అది ఫుల్ హౌస్."

ఆరో సీటు వాదనలో రెండు భాగాలు. ఒకటి, ఎనిమిదో సీటు తన నోటితో తప్పు చెప్పాడు, అది రాంగ్ షో. రెండు, ఆటలో లేని మూడో సీటు మాట్లాడటానికి వీల్లేదు. మొదటిది అచ్చంగా రమ్మీ మాట. రమ్మీలో తప్పు షో పెడితే ఫుల్ కౌంట్, 80 పాయింట్లు నెత్తిన పడతాయి. అక్కడ షో అంటే తన లెక్కకు తానే హామీ ఇవ్వడం, ఆ పూచీ తప్పితే శిక్ష ఉంటుంది. ఏళ్ల తరబడి అలా ఆడినవాళ్లకు పోకర్‌లో అది లేదంటే అన్యాయంగానే తోస్తుంది. పోకర్‌లో వెల్లకిలా పెట్టిన ముక్కలే లెక్క. నోటితో తక్కువ చెప్పినా, ఎక్కువ చెప్పినా చెల్లదు. తొమ్మిదులు మూడు, నాలుగులు రెండు బల్ల మీద కనిపిస్తున్నాయి కాబట్టి ఫుల్ హౌస్, ఫ్లష్ మీద గెలుపు.

రెండో భాగం సగం నిజం. ముక్కలు బోర్లా ఉండగా, ఆ మనిషి ఇంకా ఆలోచిస్తుండగా, పక్కవాళ్లు పల్లెత్తు మాట అనకూడదు. 'ఒక చేతికి ఒకే ఆటగాడు' అన్న రూలు దానికే. ముక్కలు వెల్లకిలా అయ్యాక మాత్రం బల్ల చుట్టూ ఉన్నవాళ్లెవరైనా తప్పు చదివినట్టు చెప్పొచ్చు, చెప్పాలి. పాట్ అప్పటికే లాగేసుకున్నా తేడా లేదు. తర్వాతి హ్యాండ్ కోసం పేక కలపడం మొదలయ్యేదాకా సరిదిద్దవచ్చు. ఒకసారి కలపడం మొదలైతే ముగిసినట్టే.

ఎనిమిదో సీటు ఆ తొమ్మిదులు 'ఓడిపోయా' అనుకుని బోర్లా పారేసి, అవి మక్‌లో (పారేసిన ముక్కల కుప్పలో) కలిసిపోయి ఉంటే? గెలిచే చేయి అయినా చచ్చినట్టే, ఎవరైనా చూసి ఉన్నా సరే. అందుకే అనుమానం ఉన్న ప్రతిసారీ వెల్లకిలా పెట్టడం తప్ప వేరే రక్షణ లేదు.

తీర్పు: మెయిన్ పాట్ 135, సైడ్ పాట్ 40, రెండూ ఎనిమిదో సీటువే.

ఇందులో ఒక సరదా ఉంది. మొదటి తీర్పు వల్ల నష్టపోయింది ఎనిమిదో సీటే. ఆల్ ఇన్ చెల్లి ఉంటే ఆయన మూడు తొమ్మిదులతో కాల్ చేసి నాలుగో సీటు నుంచి ఇంకో 112 గెలిచేవాడు. తీర్పు వల్ల ఫ్లాప్ తర్వాత ఆయన గెలిచింది 20 మాత్రమే. 92 తేడా, అంటే 9 డాలర్ల 20 సెంట్లు. తీర్పు చెప్పేటప్పుడు ఐదో సీటుకు ఎవరి చేతిలో ఏముందో తెలియదు. తెలియకూడదు కూడా. 'నా దగ్గర ఇవి ఉన్నాయి, అందుకే నేను అలా చేశా' అని ముక్కలు చూపిస్తూ వాదించేవాళ్లను ఆపాలి.

తేలిన చోటు, తేలని చోటు

ఇలాంటి రాత్రి తర్వాత చాలామంది చేసేది పాట్ సగం సగం చేసి సర్దుకోవడం. ఇది చెడ్డ అలవాటు. గట్టిగా వాదిస్తే సగం దక్కుతుందని తెలిసిపోతుంది, వచ్చే వారం వాదన ఇంకా పెరుగుతుంది. రెండు వైపులా సాక్ష్యం సమానంగా ఉండి, ఏది ముందు జరిగిందో నిజంగా తేలనప్పుడు కూడా పంచడం కన్నా చివరిసారి అందరూ ఒప్పుకున్న స్థితికి వెనక్కి వెళ్లి అక్కడి నుంచి ఆడటం మేలు. తీర్పుకు రెండు నిమిషాలు చాలు. అది ఆ రాత్రికి ఖాయం, తప్పని తేలినా పాత పాట్ తిరిగి లెక్కించరు. రూలు మార్చాలంటే తర్వాతి ఆటకు ముందు మార్చాలి.

ఈ టేబుల్ ఆ తర్వాత ఒకే ఏ4 కాగితం మీద తన రూల్స్ రాసుకుని లామినేట్ చేయించింది. పోకర్ రూల్స్ అన్నీ అందులో ఎక్కించే ప్రయత్నం చేయలేదు, చేసి ఉంటే ఎవరూ చదివేవారు కాదు. మిగతా ఆటల అలవాటుతో ఢీకొనే చోట్లు మాత్రమే రాశారు:

పూర్తి రైజ్ కాని ఆల్ ఇన్ వస్తే, అప్పటికే ఆడినవాళ్లు కాల్ లేదా ఫోల్డ్ మాత్రమే. సగం రూలు ఇక్కడ లేదు.
మాట ముందు, చిప్ తర్వాత. ఎదుట బెట్ ఉన్నప్పుడు మాట లేకుండా ఒకే పెద్ద చిప్ పడితే కాల్.
ముక్క తిప్పే ముందు పంచేవాళ్లు 'రౌండ్ అయిందా?' అని గట్టిగా అడగాలి.
వెల్లకిలా ఉన్న ముక్కలే లెక్క. రాంగ్ షో అనే మాట ఈ టేబుల్ మీద లేదు.
ఇందులో లేనిదానికి టీడీఏ రూల్స్. అందులోనూ లేకపోతే ఆ రాత్రి తీర్పరి మాట.

మూడో వాక్యం చూడటానికి చిన్నదే గానీ ఎక్కువ పని చేసేది అదే. మొదటి తగాదాలో సగం చిక్కు టర్న్ ముక్క తిరగడం వల్లే వచ్చింది. ఎవరో ఒకరు నోరు విప్పి 'అయింది' అనేదాకా పంచేవాళ్లు బర్న్ ముక్క మీద చేయి వేయకపోతే, తొందరపాటు టర్న్ అనే సమస్యే రాదు.

రాయకుండా వదిలేసినవి ఇంకా ఉన్నాయి. ఇద్దరు ఆల్ ఇన్ అయినప్పుడు మిగతా బోర్డును రెండుసార్లు తిప్పుకోవచ్చా, పెద్ద బ్లైండ్ తర్వాతి మనిషి ముక్కలు చూడకముందే రెట్టింపు పెట్టే స్ట్రాడిల్‌కు ఒప్పుకోవాలా అన్నవి. రెండింటికీ ఒకే జవాబు లేదు, ఆడేవాళ్ల ఇష్టం. కానీ ముక్కలు పంచకముందే అడిగి తేల్చుకోవాలి. ఆల్ ఇన్ అయ్యాక, ఒకరి ముక్కలు వెల్లకిలా పడ్డాక 'రెండుసార్లు తిప్పుదామా?' అని అడిగితే అది బేరం అవుతుంది. ఈ టేబుల్ స్ట్రాడిల్ వద్దనుకుంది. రెండుసార్లు తిప్పే విషయం ఇంకా తేలలేదు, కాబట్టి ఎవరు అడిగినా ప్రస్తుతానికి జవాబు ఒక్కసారే.